పోస్టు డబ్బాలో నిదానం

ఆ పత్రికాఫీసులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. చాటున కాదు, మొహం మీదే అనేవాళ్ళు, ఆమె పలికేది కూడా. వచ్చిన వార్తను పేజీలో ఉన్న జాగాకు సరిపడేలా కోయడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. కోత ఎప్పుడూ తోక నుంచే. ఆ సంగతి తెలుసు కాబట్టే విలేకరులు అసలు విషయాన్ని మొదటి వాక్యంలో పెట్టేస్తారు. ఎవరు పోయారు, ఏది కూలింది, ఎంతమంది గాయపడ్డారు, అన్నీ తలలోనే ఉంటాయి. కిందికి పోయేకొద్దీ సరుకు పలచబడుతుంది, ఎక్కడ తెగ్గోసినా వార్తకు ప్రాణం పోదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "తల ముట్టుకోకు, తోక కోసేయ్." పేజీలు పెట్టే అతను ఆ మాటను ఒక చీటీ మీద రాసి తన కంప్యూటరుకు అంటించుకున్నాడు. ఇతగాడికి లోకమంతా సెంటీమీటర్లలోనే కనిపించేది. ఆకలేస్తే పొట్ట తడుముకుని "నాలుగు సెంటీమీటర్లు ఖాళీగా ఉంది" అనేవాడు. అందుకని అతని పేరు సెంటీమీటరు అయింది.

ఇంట్లో కూడా ఆమెది అదే వరస. "మీ తమ్ముడి కాలు విరగలేదు" అని మొదలుపెట్టేది మొగుడితో. ఆ తమ్ముడు మెట్ల మీంచి జారాడన్న సంగతే అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తగారు తల పట్టుకునేది.

"నీచేత సినిమా కథ చెప్పించుకునే కంటే గోడ మీద బల్లిని చూస్తూ కూర్చోవడం నయమే అమ్మాయ్. మొదటి ముక్కలోనే పెళ్ళి చేసేస్తావు. ఇక వాళ్ళ కష్టాలు వినేదెవరు?"

అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగింది, అతికింది కూడా. అతికినా ఆవిడ మూడో అంతస్తు నుంచి కిందికి దిగలేదు, ఎందుకంటే ఆ భవనానికి లిఫ్టు లేదు. దిగుతానని మొదటిసారి అన్నప్పుడు కొడుకు వద్దన్నాడు. రెండోసారి డాక్టరు చూద్దామన్నాడు. మూడోసారి కోడలే "మళ్ళీ పడితే ఎలా అత్తయ్యా?" అంది. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది. కిటికీ పక్కన ఒక కుర్చీ, కుర్చీ పక్కన బల్ల, బల్ల మీద భూతద్దం, పేపరు. ఆవిడ రాజ్యం అంతవరకే.

నాలుగేళ్ళ కిందట పత్రికలో ఆదివారం పిల్లల పేజీ రాసే పెద్దమనిషి రిటైరయ్యాడు. ఆయన "పోస్టు తాతయ్య" అన్న పేరుతో వారం వారం నీతులు రాసేవాడు, పిల్లలు ఆ పేజీని పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి వాడుకునేవాళ్ళు. ఎడిటరు గారు ఆ పేజీ తెచ్చి కత్తెరమ్మ నెత్తిన పడేశారు.

"నాలుగు వందల మాటలు. పేరు అదే ఉంచు. ఏదో ఒకటి నింపమ్మా, ఎవరూ చదవరులే."

ఆమె రాసిన మొదటి కథ ఇలా మొదలైంది: 'అడవిలో తప్పిపోయిన కుందేలు పిల్ల గురువారం మధ్యాహ్నం క్షేమంగా తల్లిని చేరింది.' ఆ తర్వాత మిగిలిన నాలుగు వందల మాటలూ ఎవరు చదవాలో కుందేలుకే తెలియాలి. రెండో వారం కోడిపిల్లను ఎత్తుకుపోయిన నక్క గురించి రాసి, అలవాటు కొద్దీ నక్క వివరణ కూడా తీసుకుంది. అచ్చులో చూసుకుని తనే సిగ్గుపడింది. అలా కిందా మీదా పడుతుంటే, ఆరో వారంలో నత్త వచ్చింది.

నత్త పేరు నిదానం. ఉద్యోగం పోస్టుమాన్. వీపు మీద గుల్ల, గుల్ల మీద సంచి. కోపంలో రాసిన ఉత్తరాన్ని అది ఎంత ఆలస్యంగా చేర్చేదంటే, అందే వేళకు రాసినవాడూ చదవాల్సినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ ఉండేవాళ్ళు. నిదానంతో పాటు నడుస్తూ నడుస్తూ ఆమె ముగింపును చివరిదాకా దాచడం నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ళు ఊరందరి తోకలూ కోసిన మనిషికి తోక పెంచడంలో ఇంత సుఖముందని అప్పుడే తెలిసింది. వారమంతా కూలిన వంతెనలూ గుద్దుకున్న బస్సులూ. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం నత్త. ఆ రెండు గంటల్లోనే ఆమెకు ఊపిరాడేది.

తాతయ్య తానేనని ఇంట్లో అత్తగారికి చెప్పలేదు. చెబుదామనుకునే లోపే ఆవిడ ఒక ఆదివారం భూతద్దం పక్కన పెట్టి, "ఈ తాతయ్య ఎవరో గాని మహానుభావుడు. కథ చెప్పడమంటే ఇదీ. నువ్వూ అదే ఆఫీసులో ఉన్నావు, ఆయన్ని చూసి కాస్త నేర్చుకోకూడదుటే?" అంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మొగుడు పక్క గదిలో దిండు నోట్లో కుక్కుకుని నవ్వాడు. ఇక ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ప్రతి ఆదివారం తేలు కుట్టిన దొంగలా తన పొగడ్త తనే విని ఊరుకునేది.

ఇలా ఉండగా, పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ ఫోను చేసింది.

"మీరు నవల రాయాలి. నత్త మీ పేపరుదని నాకు తెలుసు, అది వద్దు. మీ దగ్గర ఇంకో జంతువు ఉండకపోదు."

కత్తెరమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడే రాజీనామా రాసి ఎడిటరు గారి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, సొరుగు లాగి అందులో పెట్టుకున్నారు.

"నేను సంతకం పెడితేనే ఇది చెల్లుతుంది. అప్పటిదాకా నువ్వు ఏం రాసినా పత్రికదే. ఇంట్లో కూర్చుని బస్సు టికెట్టు వెనకాల రాసినా సరే. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూసుకో."

తీసి చూసుకుంది. ఆరో షరతు, చీమ తలకాయంత అక్షరాల్లో. సంతకమైన కాగితం చేతికి రానిదే పుస్తకం వెయ్యడం కుదరదని పుస్తకాలావిడ కూడా చెప్పింది.

నిదానానికి మర్యాదగా వీడ్కోలు చెప్పేస్తే ఎడిటరు గారు తనను పట్టుకుని వేలాడటానికి ఏమీ మిగలదని ఆమె లెక్క వేసింది. శుక్రవారం ఆఖరి కథ రాసింది. పోస్టు డబ్బా అడుగున ఒక ఉత్తరం ఇరుక్కుపోతుంది. దాన్ని తీయడానికి నిదానం లోపలికి పాకుతుంది. వెనకాల మూత టక్కున పడుతుంది. అంతా చీకటి. చివరి పేరాలో, డబ్బా వెనక తుప్పు పట్టిన చిన్న కన్నం లోంచి నిదానం బయటపడి, సంచి అక్కడే వదిలి, పిల్లలకు సెలవు చెప్పి తన దారిన వెళ్ళిపోతుంది. ఆ పేరా రాస్తుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. పేజీ సెంటీమీటరుకు అప్పజెప్పి, మూడింటికే సెలవు పెట్టి పుస్తకాలావిడను కలవడానికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున అత్తగారి గొంతు వంటింటిదాకా వినిపించింది.

"ఏమిటే అమ్మాయ్ ఇది? మూత పడిపోయింది, చీకటి, అంతే. ఈ ముసలాడికి మతి గాని పోయిందా?"

కత్తెరమ్మ చేయి తుడుచుకోకుండానే వచ్చి పేపరు లాక్కుంది. చివరి పేరా ఉండాల్సిన చోట పరుపుల ప్రకటన ఉంది. మెత్తటి పరుపు మీద ఒక కుటుంబం హాయిగా నిద్రపోతోంది.

సోమవారం సెంటీమీటరు ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "పరుపులవాళ్ళు నాలుగింటికొచ్చి పన్నెండు సెంటీమీటర్లు అడిగారక్కా. మీరు ఫోను ఎత్తలేదు. మీరు చెప్పినట్టే చేశాను" అని చీటీ వైపు వేలు చూపించాడు. తల ముట్టుకోకు, తోక కోసేయ్. అతన్ని ఏమని తిడుతుంది? ఆమె పాఠం ఆమెకే అప్పజెప్పాడు. అసలు ప్రాణం తీసుకెళ్ళి తోకలో పెట్టింది తను. ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఇలాంటి తప్పు చేసిన ఏ విలేకరినీ ఆమె క్షమించి ఉండేది కాదు.

బుధవారానికి రెండు వందల ఉత్తరాలొచ్చాయి. శనివారానికి గోనెసంచి నిండింది. ఒక పిల్ల తాళంచెవి కాగితానికి అంటించి పంపింది. ఒకడు ఎండిన ఆకు పంపి, లోపల ఆకలేస్తుంది కదా అన్నాడు. ఇంకొకడు, ఆకలేస్తే ఉత్తరాలు తినమనండి, నాది మాత్రం చదివాక తినమనండి అని రాశాడు. ఎడిటరు గారు గోనెసంచిని కాలితో తడిమి చూసి మురిసిపోయారు.

"ఏం దెబ్బ కొట్టావమ్మా! పిల్లల పేజీకి ఇన్ని ఉత్తరాలు నా జన్మలో చూడలేదు."

"వచ్చే వారం బయటకు తీసేస్తాను సార్."

"తీస్తే ఉత్తరాలు ఆగిపోతాయి. లోపలే ఉంచు."

"పిల్లలు బెంగపడుతున్నారు సార్."

"పడనీ, అందుకేగా రాస్తున్నారు. నిదానం డబ్బాలో ఉన్నన్నాళ్ళూ నీ కాగితం ఈ సొరుగులో ఉంటుంది. నువ్వే కదా మూత వేశావు?" అని నవ్వారు ఆయన. మనిషి చెడ్డవాడు కాడు. పత్రిక అమ్ముడుపోవడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు, అంతే.

అప్పటినుంచి శుక్రవారం సాయంత్రం ఆయనే స్వయంగా వచ్చి పేజీ మీద సంతకం పెట్టడం మొదలుపెట్టారు. మొత్తం చదివే ఓపిక లేదు. వార్తకు తల, కథకు తోక అని ఒక సూత్రం కనిపెట్టుకుని, ఆఖరి పేరా మాత్రం చూసేవారు. అందులో మూత వేసే ఉంటే సంతకం, లేకపోతే లేదు. రెండో వారం ఆమె మూత కాస్త తెరిచి చూసింది. ఆయన ఎర్ర కలంతో మూసేశారు.

ఎనిమిది వారాలు గడిచాయి. నిదానం లోపల గోడలు తడిమింది, ఉత్తరాలు లెక్కపెట్టింది, వాన చప్పుడు వింది. కత్తెరమ్మ ఇంటి దగ్గర భోజనాల బల్ల మీద కాగితాలు పెట్టుకుని కొత్త నవల మొదలుపెట్టబోయేది. గొడుగులు బాగుచేసే ఎలుగుబంటి ఒకటి తట్టింది. ఎలుగుబంటి దుకాణం తెరుస్తుంది, వీధిలోకి వస్తుంది, ఎదురుగా ఎర్ర డబ్బా. లోపల ఏదో కదిలిన చప్పుడు. ఎలుగుబంటి అక్కడే ఆగిపోతుంది, ఎంత తోసినా ముందుకు నడవదు. ఎలుగుబంటిని చింపేసి ఏనుగును తెచ్చినా అదే గతి. ఏ జంతువును పుట్టించినా తిన్నగా వెళ్ళి ఆ డబ్బా ముందు నిలబడేది. నత్త బయటకు రాకపోతే కాగితం రాదు. కాగితం వచ్చినా, నత్తను లోపల వదిలేసి తాను ఇంకో కథ రాయలేదు. కత్తెరమ్మ కాస్తా అడకత్తెరలో పోకచెక్క అయి కూర్చుంది.

"మానేసి ఇంట్లో కూర్చో. నా కొట్లో అద్దాలు తుడుద్దువుగాని" అన్నాడు మొగుడు.

"ఆరో షరతు."

"అద్దాలు తుడవడానికి కూడానా?"

ఆమెకు నవ్వు రాలేదు.

తొమ్మిదో వారం, శుక్రవారం. పాత పేపరు కత్తిరింపులు దాచే కిటికీ లేని గదిలో నిలబడి ఆమె ఉత్తరాలు విప్పుతోంది. ఒక కవరులో గీతల కాగితం కనిపించింది. ఒక మూల పాల లెక్క కోసం గీసిన పెన్సిలు గీత. ఆ గీత గీసింది తనే. ఆ పుస్తకం తన వంటింటి అలమరలో ఉంటుంది. కింద వణుకుతున్న అక్షరాలు.

'పోస్టు తాతయ్య గారికి నమస్కారాలు. నేను పిల్లను కాను, డెబ్బై నాలుగేళ్ళదాన్ని. ఎదురింటి అమ్మాయి చేత ఇది పోస్టు చేయిస్తున్నాను. మీరు వారం వారం లోపల చీకటి గురించి రాస్తున్నారు. అది తప్పండీ. చీకటి అలవాటైపోతుంది. మూత సందులోంచి వీధి కనబడుతూ ఉంటుంది చూడండి, అలవాటు కానిది అదే. దాని మంచికే మూత వేశామని అందరూ అంటారు, బయటకొస్తే పడిపోతుందని. పడితే పడనివ్వండి. పడకుండా ఎంతకాలం దాస్తారు? ఎవరో ఒకరు మూత తీయాలి కదా. మీరు పెద్దవారు, మీకు చెప్పేదాన్ని కాదు. మా కోడలు మీ ఆఫీసులోనే పనిచేస్తుంది. ఈ ఉత్తరం సంగతి ఆమెకు చెప్పకండి, బాధపడుతుంది. మంచి పిల్ల.'

కత్తెరమ్మ పాత పేపర్ల కట్ట మీద కూలబడి ఏడ్చింది. 'మళ్ళీ పడితే ఎలా అత్తయ్యా?' అన్నది తనే. ఎడిటరు గారిని రెండు నెలలుగా తిట్టుకుంటోంది. తన ఇంట్లో డబ్బా మూత మీద తనే కూర్చుని ఉంది, అదీ ప్రేమగా. కళ్ళు తుడుచుకుని తన కుర్చీలోకి వెళ్ళి, ఇరవై రెండేళ్ళుగా ఎలా రాయాలో బాగా తెలిసిన పద్ధతిలో రాయడం మొదలుపెట్టింది.

'నిదానం మంగళవారం ఉదయం పోస్టు డబ్బాలోంచి క్షేమంగా బయటకు వచ్చేసింది. సంచి అక్కడే వదిలి తన దారిన వెళ్ళిపోయింది. ఇక తిరిగి రాదు.'

ఆ కింద ఎలా బయటపడిందో, మూత ఎవరు ఎత్తారో, దారిలో ఎండ ఎలా ఉందో చెప్పింది. ఆ కింద, లోపల తొమ్మిది వారాలు ఎలా గడిపిందో వెనక్కి వెనక్కి చెప్పుకుంటూ పోయింది. అట్టడుగున, ఆఖరి పేరాలో, అసలిదంతా ఎలా మొదలైందో రాసింది: మూత టక్కున పడింది, లోపల అంతా చీకటి.

సాయంత్రం ఎడిటరు గారు కలం తీసుకుని వచ్చారు. చూపు తిన్నగా కిందికి పోయింది. మూత పడింది. చీకటి.

"బాగుందమ్మా. చీకటి బాగా వస్తోంది నీకు" అని సంతకం గీకి వెళ్ళిపోయారు.

సెంటీమీటరు పేజీ ముందేసుకున్నాడు. అతను తల నుంచే చదివే మనిషి. మొదటి వాక్యం దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. కత్తెరమ్మ వైపు చూశాడు. ఆమె బల్ల మీద సూదులు ఏరుకుంటున్నట్టు తల వంచుకుంది.

"అక్కా, ఈ వారం ఐదు సెంటీమీటర్లు ఎక్కువుంది."

"తోక కోసేయ్."

"తల?"

"నీకు నేనేం నేర్పాను?"

అతను చీటీ వైపు చూసి, ఆఖరి పేరా ఎత్తేసి, పేజీ అచ్చుకు పంపాడు.

ఆదివారం ఎనిమిదింటికి ఎడిటరు గారి ఫోను. ఆయన అరవలేదు, అదే వింతగా ఉంది.

"నత్త బయటికొచ్చేసింది, నీ రాజీనామా మీద సంతకం పెట్టేశాను. రేపు వచ్చి నీ కాగితం పట్టుకుపో. వచ్చే వారం నుంచి నిదానాన్ని ఇంకొకళ్ళు రాస్తారు" అని పెట్టేశారు.

కత్తెరమ్మ ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడింది. నాలుగేళ్ళు పెంచిన ప్రాణి ఇక తనది కాదు. రేపెవరో దాన్ని పట్టుకొచ్చి మళ్ళీ ఏ డబ్బాలో వేస్తారో.

ముందు గదిలో అత్తగారు పేపరు తెరిచింది. భూతద్దం మొదటి వాక్యం మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. మిగతాది ఆవిడ చదవలేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, ఇలా రా."

వెళ్ళింది.

"ఈ తాతయ్యకు ఏమైందే? ఎప్పుడూ లేనిది మొదటి ముక్కలోనే చెప్పేశాడు."

కత్తెరమ్మ బల్ల మీది భూతద్దం తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"కాలు విరగలేదు, క్షేమంగా ఉన్నాడు, ఆ తర్వాత కథ." అత్తగారు కళ్ళజోడు పైనుంచి కోడల్ని ఎగాదిగా చూసింది. "ఇలా చెప్పే మనిషిని నేను లోకంలో ఒక్కదాన్నే ఎరుగుదును. నాలుగేళ్ళు నాచేత మహానుభావుడు అనిపించుకున్నావు."

"అత్తయ్యా..."

"నా ఉత్తరం అందిందన్నమాట."

"అందింది."

"చెప్పకండి అని రాశాను కూడాను." ఆవిడ ఒళ్ళోని పేపరు తీసి బల్ల మీద పెట్టింది. "పోనీలే. అది వెళ్ళిపోయింది. వచ్చే వారం వాళ్ళు ఏ నత్తను తెచ్చినా అది మన నిదానం కాదు. నేను చదవను."

కత్తెరమ్మకు ఆ మాటే చాలనిపించింది. గుమ్మం పక్కన చెప్పుల అర దగ్గరకు వెళ్ళి, రెండేళ్ళుగా అట్టడుగున పడి ఉన్న అత్తగారి చెప్పులు తీసింది. దుమ్ము దులిపి, గుడ్డతో తుడిచి, తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది.

అత్తగారు చెప్పుల వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"వాడు దుకాణం నుంచి రాగానే గోల చేస్తాడు."

"చెయ్యనీయండి."

"నిజంగా పడితేనో?"

"పడ్డారని మొదటి ముక్కలోనే చెబుతాను ఆయనకి."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. యాభై నాలుగు మెట్లు. ఒక చేయి కడ్డీ మీద, ఒక చేయి కోడలి భుజం మీద. ముందు మంచి కాలు, తర్వాత అతికిన కాలు, ఆ తర్వాత ఊపిరి. రెండో అంతస్తు దాకా రావడానికే పావుగంట పట్టింది. అక్కడ గోడకు ఆనుకుని ఇద్దరూ ఆగారు. కింద తలుపు తీసి ఉన్నట్టుంది, వీధి చప్పుడు మెట్ల మీదికి వస్తోంది.

"మీరు చూసినప్పటిలా లేదు అత్తయ్యా. మూలన ఆ రొట్టెల కొట్టు తీసేసి..."

అత్తగారు ఆమె నోటికి అరచేయి అడ్డం పెట్టింది.

"చెప్పకే" అంది. "దిగి నేనే చూసుకుంటాను."